సుమారు

ఉర్దూలో గణాంక శాస్త్రం పేరు షుమారియాత్. జనాభా లెక్కల పేరు మర్దుంషుమారీ. లెక్కకు అందనంత ఉంటే బేషుమార్. మూడింటి లోపలా ఉన్నది ఒకే ఫారసీ మాట, షుమార్. లెక్క, లెక్కపెట్టడం అని దాని అర్థం. ఆ మాటే మన నోట సుమారు అయింది. అయితే "పెళ్లికి సుమారు రెండొందల మంది వచ్చారు" అనేవాళ్లు తాము తలలు లెక్కపెట్టలేదనే చెబుతున్నారు. లెక్కకు పేరుగా పుట్టిన మాట, లెక్క పూర్తిగా అందలేదని చెప్పే మాటగా మన దగ్గర స్థిరపడింది.

బీకాం, ఎంబీఏ విద్యార్థులు చదివే బిజినెస్ స్టాటిస్టిక్స్‌లో పక్కపక్కనే వచ్చే పాఠాలు రెండున్నాయి. కొన్నిటిని చూసి, మొత్తానికి సగటు ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పడం మొదటిది. సగటు ఫలానా అని ఎవరైనా అంటే, ఆ మాట నిలుస్తుందో లేదో చూడటం రెండోది. వాటికి విశ్వాస అంతరం, పరికల్పన పరీక్ష అని పేర్లు పెట్టుకున్నాం. ఆ పేర్లు పుట్టక ముందే ఆ రెండు పనుల బరువునూ మోయగల మాట మన వాడుకలో ఉంది. అది సుమారు అని నా గట్టి నమ్మకం.

ఈ మాట ఒంటరిగా రాలేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఫారసీ, తెలుగు రెండూ పక్కపక్కన రాసిన ఫర్మానాలు వెలువడ్డాయి. ఆ కచేరీల్లోనూ, తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీ, కంపెనీ కచేరీల్లోనూ శిస్తు లెక్కలు నడిచిన కొద్దీ జమ, ఖర్చు, వసూలు, బాకీ, జమాబందీ లాంటి మాటలు కరణాల కలాల్లోంచి ఊళ్లలోకి దిగాయి. నమూనా, సరాసరి, సుమారు కూడా ఆ గుంపులోవే. ఈ మూడింటినీ ఇదే వరుసలో పెట్టి చూడండి. నమూనా తియ్యడం, దాని సరాసరి కట్టడం, ఆ సరాసరిని బట్టి మొత్తం గురించి సుమారుగా చెప్పడం. పైన చెప్పిన పాఠాల సారమంతా అదే. సరాసర్ అంటే ఫారసీలో ఈ చివర నుంచి ఆ చివర దాకా. మనం దాన్ని "సరాసరి ఇంటికొచ్చేశాడు" అన్నప్పుడు ఒక రకంగా, "సరాసరి దిగుబడి" అన్నప్పుడు ఇంకో రకంగా వాడుతున్నాం. మరాఠీలోనూ సగటుకు సరాసరీ అనే అంటారు.

లెక్క అనే మాట అంచనా ఎలా అయింది? నాకు తోచే దారి ఇది. కచేరీ వారు ఊరిని అడిగేది షుమార్. ఎన్ని ఎకరాలు, ఎన్ని పుట్లు, ఎందరు మనుషులు అని. పంట ఇంకా చేలో నిలబడి ఉండగానే శిస్తు తేల్చాల్సిన చోట గింజ గింజా కొలవడం ఎవరి తరమూ కాదు. ఊరు ఇవ్వగలిగింది అనుభవం ఉన్న కంటితో చూసి చెప్పిన అంకె. అడిగినదానికి ఉన్న పేరే ఇచ్చినదానికీ అంటుకుంది. ఇది నా ఊహ మాత్రమే. కానీ చుట్టుపక్కల భాషలు కూడా ఆ వైపే చూపిస్తున్నాయి. మరాఠీలో సుమార్‌కు అంచనా అనే అర్థంతో పాటు హద్దు అనే అర్థమూ ఉంది. "సుమార్ నాహీ" అంటే హద్దూ పద్దూ లేదని. కన్నడంలో, తమిళంలో ఏదైనా ఎలా ఉందని అడిగితే సుమారు అంటే అంతంతమాత్రం, మధ్యరకం అని. లెక్క, అంచనా, హద్దు, మధ్యరకం. సగటునూ దాని హద్దులనూ అంచనా కట్టే శాస్త్రానికి కావలసిన నాలుగు అర్థాలూ ఒక్క మాటలోనే పోగుపడ్డాయి. దీన్ని చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది.

అసలు లెక్కలో సుమారు లేకుండా పోయిన రోజు ఎప్పుడైనా ఉందా? మర్దుంషుమారీనే తీసుకోండి. ప్రతి ఇంటికీ వెళ్లి ప్రతి మనిషినీ రాసుకునే లెక్క అది. మన దేశ జనగణనల్లో వయసుల పట్టిక చూస్తే సున్నాతో, ఐదుతో ముగిసే వయసుల దగ్గర జనం గుట్టలుగా పోగుపడి ఉంటారు. 39, 41 ఏళ్లవాళ్ల కన్నా 40 ఏళ్లవాళ్లు ఎంతో ఎక్కువగా కనిపిస్తారు. పుట్టిన తేదీ రాసి పెట్టుకోని తరం తన వయసును సుమారుగానే చెప్పగలిగింది, లెక్కగాళ్లు దాన్ని అంకెగా రాసుకున్నారు. షుమార్‌లో సుమారు అలా దూరింది.

ఇప్పుడు ఇంకో మాటను దీని పక్కన నిలబెట్టాలి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, 1933లో పత్రిక మొదలుపెట్టినప్పుడు దానికి సంఖ్యా అని పేరు పెట్టారు. ఎందుకో తొలి సంచికలోనే వివరించారు. సంఖ్య అంటే అంకె, అంతకన్నా లోతున నిశ్చితమైన జ్ఞానం అని ఆయన వివరణ. మన సాంఖ్యక శాస్త్రం అన్న పేరు కూడా ఆ వేరు నుంచే మొలిచింది. లెక్క అనే అర్థం దగ్గరే బయలుదేరిన రెండు మాటలు ఇలా చెరో దిక్కుకు వెళ్లాయి. సంఖ్య నిశ్చయం వైపు నడిచింది, షుమార్ అంచనా వైపు. శాస్త్రానికి ఈ రెండు దిక్కులూ కావాలి. అంచనా ఎంత వదులుగా ఉందో నిశ్చయంగా చెప్పడమే దాని పని.

ఈ మాటను అందరికన్నా స్పష్టంగా చెప్పినవారు మనవారే. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో తెలుగు ఇంట పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి కలకత్తా వెళ్లారు. ఒక అంచనా ఎంత గొప్పదైనా, కొన్ని షరతుల కింద దాని చలనం ఇంతకన్నా తగ్గదని హద్దు గీసిన ఆయన ఫలితం 1945లో అచ్చయింది. ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు హద్దు అంటుంది. తన తర్వాతి రచనల్లో ఆయన పదేపదే చెప్పింది ఒకటే: మనకున్న జ్ఞానం అనిశ్చితమైనదైనా, ఆ అనిశ్చితి పరిమాణం తెలిసిందంటే ఆ జ్ఞానం పనికొచ్చేదవుతుంది. 2023లో ఆయన కన్నుమూశారు.

పనికి రావడం అంటే ఏమిటో ఒక లెక్కలో చూద్దాం. కిలో కందిపప్పు పొట్లాలు కట్టే మిల్లు ఉందనుకోండి. వేల పొట్లాల్లోంచి మచ్చుకు 25 తీసి తూచారు. సగటు 996 గ్రాములు వచ్చింది. పొట్లానికీ పొట్లానికీ ఉండే తేడాను కొలిచే క్రమ విచలనం 10 గ్రాములు. ఒక్క పొట్లం ఎటైనా ఊగవచ్చు గానీ 25 పొట్లాల సగటు అంతగా ఊగదు. దాని ఊగు 10ని 25 వర్గమూలంతో, అంటే 5తో భాగిస్తే వచ్చే 2 గ్రాములు. నూటికి 95 పాళ్ల నమ్మకానికి పట్టికలో 25 పొట్లాలకు తగిన గుణకం 2.064. దానితో హెచ్చవేస్తే 4.1 గ్రాములు. కాబట్టి మిల్లు మొత్తం మీద సగటు సుమారు 996, అంటే 991.9 నుంచి 1000.1 దాకా. మామూలు సుమారుకు రెండు చివర్లూ కట్టేశాం. ఇంతవరకూ గాలిలో ఉన్న మాట నేలమీదకు దిగింది.

ఆ 2.064 వెనక ఒక మనిషి ఉన్నాడు. విలియం సీలీ గోసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు తయారీ సంస్థలో చేరిన రసాయన శాస్త్ర పట్టభద్రుడు. బార్లీ రకాలు, హాప్ పూల నాణ్యత ఆయన రోజువారీ పని. చేతిలో ఉండేవి నాలుగో, పదో కొలతలు. పెద్ద నమూనాలకు పనికొచ్చే పట్టికలు అంత చిన్నవాటికి ధైర్యం ఎక్కువ చెబుతాయని ఆయన పసిగట్టాడు. దాన్ని సరిచూడటానికి 3,000 మంది నేరస్థుల శరీర కొలతలను అట్టముక్కల మీద రాసి, కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలుగా విడదీశాడు. 1908లో బయోమెట్రికా పత్రికలో స్టూడెంట్ అనే మారుపేరుతో వ్యాసం అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి సంస్థ ఒప్పుకునేది కాదు. వ్యాపారంలోంచి పుట్టి శాస్త్రంలోకి వెళ్లిన లెక్క ఇది. బిజినెస్ స్టాటిస్టిక్స్ పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో తేల్చేస్తాయి. వాటిని చదివే పిల్లలు తమ పాఠం ఒక వర్తక సంస్థ పనిబల్ల మీద పుట్టిందని తెలుసుకుంటే దాన్ని మరో కంటితో చూస్తారు.

హద్దులకు విశ్వాసం అన్న పేరు వచ్చింది మాత్రం పోలండ్ నుంచి. గణాంకవేత్త యెర్జీ నేమన్ తన వార్సా పాఠాల్లో పోలిష్ మాట ఒకటి వాడాడు, దాని అర్థం నమ్మకపు మేర. పిట్కోవ్‌స్కీ అనే ఆర్థికవేత్త చిన్న కమతాల ఆదాయాల మీద చేసి 1932లో అచ్చువేసిన అధ్యయనంలో ఆ పద్ధతి పనిలోకి దిగింది. 1934లో నేమన్ లండన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు దాన్ని వివరించినప్పుడు, ఆంగ్ల గణాంకవేత్త ఆర్థర్ బౌలీ ఈ నమ్మకం నమ్మించి చేసే మోసం కాదు కదా అని సందేహం వెలిబుచ్చాడు. ఈ బౌలీ మన దేశానికి కొత్తవాడు కాదు. ఆర్థిక గణన ఎలా చేయాలో ఆర్థికవేత్త రాబర్ట్‌సన్‌తో కలిసి భారత ప్రభుత్వానికి ఆయన ఇచ్చిన నివేదిక వచ్చింది కూడా ఆ 1934లోనే.

బౌలీ సందేహం ఊరికే కొట్టిపారేసేది కాదు. మన భాషలో అది ఇంకా పదునెక్కుతుంది. "నూటికి తొంభై ఐదు పాళ్లు వాడు రాడు" అంటే దాదాపు రాడనే. అలవాటు కొద్దీ పప్పు లెక్కను కూడా "నూటికి 95 పాళ్లు అసలు సగటు 991.9కీ 1000.1కీ మధ్యే ఉంది" అని చదివేస్తాం. నేమన్ చెప్పింది అది కాదు. ఆ మిల్లు సగటు ఏదో ఒక స్థిరమైన అంకె. మనం కట్టిన హద్దుల్లో అది ఉంటే ఉంది, లేకపోతే లేదు. 95 ఈ జత హద్దుల గుణం కాదు, హద్దులు కట్టే పద్ధతి గుణం. వేరువేరు 25 పొట్లాలు తీస్తూ ఇదే తీరున మళ్లీ మళ్లీ హద్దులు కడుతూ పోతే, వందలో 95 జతలు అసలు సగటును లోపల పెట్టుకుంటాయి, ఐదు జతలు తప్పిపోతాయి. మన చేతిలో ఉన్నది ఆ ఐదింటిలో ఒకటో కాదో ఈ పొట్లాలే చెప్పవు. అంతరం అన్న మాటతోనూ నాకు పేచీ ఉంది. తెలుగు చెవికి అంతరం అంటే తేడా, ఎడం. విశ్వాస అంతరం అంటే నమ్మకంలో బీట పడ్డట్టు వినిపిస్తుంది. సుమారు హద్దులు అని ఉంటే ఏ దుకాణదారుకైనా వివరణ లేకుండా అర్థమవుతుంది.

పరీక్ష సంగతికి వద్దాం. మిల్లు సగటు 1000 గ్రాములేనన్నది మొదటి మాట, శూన్య పరికల్పన. 996కు, 1000కు తేడా 4, ఊగు 2, అంటే తేడా ఊగుకు రెండింతలు. పొరపాటు కొట్టివేతకు నూటికి ఐదు పాళ్లే చోటిచ్చి, అటో ఇటో ఏ వైపు తప్పినా పట్టుకోవాలనుకుంటే గీత 2.064 దగ్గర ఉంది. రెండింతలు దాన్ని దాటలేదు, కాబట్టి 1000 అన్న మాటను కొట్టివేయలేం. 1000 పైన కట్టిన హద్దుల లోపలే ఉంది కదా, అదీ ఇదీ ఒకటే సంగతి. హద్దుల లోపల ఉన్న ప్రతి అంకే పరీక్షలో బతికి బయటపడుతుంది. మరి 993 కూడా ఆ హద్దుల లోపలే ఉంది! 1000ని కొట్టివేయలేకపోయిన ఈ లెక్కే 993నీ కొట్టివేయలేకపోయింది. కొట్టివేయలేదు అంటే రుజువైంది అని చదువుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

ప్రశ్న మారితే తీర్పూ మారుతుంది. తూనికలు కొలతల శాఖవారికి పప్పు ఎక్కువైతే బాధ లేదు. 2011 నిబంధనల్లో కిలో పొట్లానికి ఓర్చుకునే తేడా 15 గ్రాములు; దానితో పాటు సగటు మీదా కన్నుంటుంది. తగ్గిందా అన్న ఒక్కవైపే చూస్తే గీత 1.711 దగ్గరికి దిగుతుంది. రెండింతలు దాన్ని దాటింది. అవే పొట్లాలు, అదే సగటు, ఇప్పుడు మిల్లు మాట కొట్టివేతకు గురవుతుంది. మిల్లు యజమానికి ఎక్కువ పోసినా నష్టమే గనక ఆయన రెండువైపులా చూస్తాడు. ఎవరి ప్రశ్న వారిది, తప్పేమీ లేదు. కానీ పొట్లాలు తూచాక, అంకె చూసుకున్నాక ప్రశ్నను ఎంచుకోవడం మాత్రం మోసమే. ఇక 25 బదులు 100 పొట్లాలు తూచినా అదే 996, అదే 10 వచ్చిందనుకోండి. ఊగు 1 గ్రాముకు పడిపోతుంది, హద్దులు 994 నుంచి 998. 1000 బయటికి పోయింది. నూటికి ఐదు అన్న ఈ గీత కూడా ప్రకృతి గీసింది కాదు. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925 పుస్తకంలో ఇరవైలో ఒకటి వీలుగా ఉంటుందని తీసుకున్న హద్దును లోకం శాసనంగా పట్టుకుంది.

సుమారుకు మనకున్న అచ్చ తెలుగు తోడు ఇంచుమించు. ఇంచుక అంటే కొంచెం, మించు అంటే దాటడం. ఆ రెండూ నాకు అందులో వినిపిస్తాయి. అటూ ఇటూ కూడా అలాంటిదే. తగ్గే వైపునూ పెరిగే వైపునూ ఒకే ఊపిరిలో పలికే అలవాటు మన జనానికి ఎప్పటినుంచో ఉంది. లేనిదల్లా ఎంత తగ్గు, ఎంత మించు అన్న అంకె.

ఆ అంకె లేకపోవడం ఎంత ఖరీదైనదో పంట బీమాలో చూడవచ్చు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ప్రధాన పంటలకు గ్రామ పంచాయతీ యూనిట్ అయినప్పుడు కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలి. వరి అయితే ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు మడి కట్టి, కోసి, నూర్చి, తూస్తారు. ఆ 25 చదరపు మీటర్లలో 12.4 కిలోలు వస్తే ఎకరాకు 20 క్వింటాళ్లు. కోతల మీదే దిగుబడి తేల్చే చోట, నాలుగింటి సగటు ముందే కట్టిన హామీ దిగుబడి కన్నా తగ్గితే ఊళ్లో బీమా ఉన్నవాళ్లందరికీ దిగుబడి నష్టపు పరిహారం, తగ్గకపోతే ఆ పరిహారం ఎవరికీ లేదు. నాలుగు! గోసెట్ అట్టముక్కలను విడదీసింది కూడా నాలుగేసే. లెక్క కోసం సగటు 20 క్వింటాళ్లు, క్రమ విచలనం 3 అనుకుందాం. ఊగు 1.5. నాలుగింటికి గుణకం 3.182. హద్దులు సుమారు 15.2 నుంచి 24.8 క్వింటాళ్లు. హామీ దిగుబడి 19 అయితే ఊరికి పైసా రాదు, కానీ ఆ ఊరి అసలు సగటు 16 అయి ఉండటానికి ఈ నాలుగు కోతలు అడ్డు చెప్పడం లేదు. హామీ 21 అయితే పరిహారం వస్తుంది, అసలు సగటు 24 అయినా సరే. రెండు తప్పులూ జరగవచ్చు. ఒకదానిలో రైతు మునుగుతాడు.

హద్దులు అన్నిటినీ పట్టవు అని కూడా ఇక్కడే చెప్పాలి. అవి ఏ మడులు ఎంపికయ్యాయన్న అదృష్టం వల్ల వచ్చే తేడానే కొలుస్తాయి. మడి గీత మీద నిలిచిన మొక్కను లోపలికి లాగి కోస్తే దిగుబడి పెరిగి కనిపిస్తుంది. మరీ చిన్న మడుల్లో ఈ పొరపాటు ఎక్కువని 1940ల్లో గణాంకవేత్త పి.వి. సుఖాత్మే మహలనోబిస్‌తో వాదించారు. తడి గింజను తూచడం, బాగా పండిన మూల వెతుక్కోవడం లాంటివి ఏ గుణకానికీ చిక్కవు.

నా కోరిక చిన్నది. పంచాయతీ దిగుబడిని ఒక్క అంకెగా ప్రకటించే చోట నాలుగు కోతల బరువులూ, వాటి నుంచి వచ్చిన హద్దులూ పక్కనే రాయాలి. 15.2 నుంచి 24.8 అని రాసి ఉంటే, నాలుగు కోతలు చాలవని, ఇంకా కొయ్యమని ఏ రైతైనా అడగగలడు. అదే విచలనంతో 16 కోతలు కోస్తే హద్దులు 18.4, 21.6 దగ్గరికి కుదించుకుంటాయి. అదనంగా కోసే 12 మడుల కూలీ ఎవరు భరించాలన్నది బీమా కంపెనీ, ప్రభుత్వం కలిసి తేల్చుకోవలసిన లెక్క.